సగం బ్యాటరీ చాలింది

జరపడమే మా పని

మోషన్ కంట్రోల్ ఇంజనీరునని చెబితే మా పావగడ బజారులో ఎవరికీ అర్థమయ్యేది కాదు. "అంటే ఏం చేస్తావమ్మే?" అని అడిగేవాళ్లు. వస్తువుల్ని ఇక్కడినుంచి అక్కడికి జరుపుతాను అని చెప్పేదాన్ని. "అది హమాలీ పని కదా, దానికి ఇంజనీరింగు చదవాల్నా?" అని మా నాయన తాళ్ల అంగడి పక్కన బెల్లం అమ్మే శెట్టి మామ నవ్వేవాడు. ఆయన వెక్కిరింతకే అన్నాడు గానీ ఆ మాటలో తప్పేం లేదు. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసింది అదే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు అడ్డుపడ్డారో మీకు అక్కర్లేదు. నాకూ అంత గుర్తులేదు. గుర్తున్నది పని మాత్రమే. అందులోనూ మా సొంత తాలూకాలో చేసిన చివరి పని బాగా గుర్తుంది, దాన్నే ఎక్కువగా చెబుతాను.

ముందు అసలు సంగతి. కదిలే వస్తువు ఏదైనా సరే, దాన్ని జరపడానికి రెండు ఖర్చులు పెట్టాలి. ఒకటి కాలం, రెండోది శక్తి. తొందరగా జరపాలంటే శక్తి పోయాలి. శక్తి మిగుల్చుకోవాలంటే కాలం పోతుంది. నిడుగల్లు వైపు నుంచి సంతకు గొర్రెలు తోలుకొచ్చేవాళ్లకు ఇది ఒకరు నేర్పనక్కర్లేదు. పరుగెత్తిస్తే గొర్రె ఒళ్లు తగ్గి ధర పడిపోతుంది, మరీ నిదానిస్తే సంతే అయిపోతుంది. కాబట్టి తోవలో ఎక్కడ అదిలించాలో, ఎక్కడ మేయనివ్వాలో చూసుకుంటూ వస్తారు. మేము దాన్నే కాగితం మీద సమీకరణాలుగా రాస్తాం, ఎంత కాలానికి ఎంత శక్తి సమానమో ఒక తూకం పెడతాం, ఆ తూకానికి అన్నిటికంటే చవకైన దారి ఏదో వెతుకుతాం.

ఆ వెతకడం కష్టమని కాలేజీలో చెబుతారు. నా అనుభవంలో వెతకడం అంత కష్టం కాదు, ఇప్పుడు కంప్యూటర్లు చేసి పెడతాయి. ఆ తూకంలో ఏమేం వేయాలో తేల్చుకోవడమే కష్టం. నేను తిట్లు తిన్నదీ, నాలుగు మెతుకులు తిన్నదీ దాని దగ్గరే.

దేశికాచారిగారు, ఊగే ఇనుము

నా మొదటి బాసు దేశికాచారిగారు. బెంగళూరులో పెద్ద క్రేన్లు తయారు చేసే ఫ్యాక్టరీ అది. ఆయన కాఫీ తాగనిదే మాట్లాడేవారు కాదు, తాగాక ఆపేవారు కాదు. కోపిష్టి, కానీ కోపం భోజనం వేళకు దిగిపోయేది.

నేను చేరిన కొత్తలో షెడ్డు కప్పు కింద నడిచే క్రేనుకు ప్రోగ్రాం రాయమన్నారు. ఇనుప దిమ్మెను పట్టుకుని షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకుపోవాలి. వీలైనంత తక్కువ కాలంలో పోవాలంటే పుస్తకం ఒకటే మార్గం చెబుతుంది: సగం దూరం మోటారుకు ఉన్న బలమంతా పెట్టి ముందుకు తోయి, మిగతా సగం బ్రేకుకు ఉన్న బలమంతా పెట్టి ఆపు. లెక్క తప్పుకాదు. అంతకంటే తొందరగా ఆ క్రేను ఆ దూరం పోలేదు. నేను అదే రాశాను, క్రేను బాణంలా పోయి చెప్పినచోట టక్కున నిలబడింది. నేను గడియారం ఆపి చుట్టూ చూశాను, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని.

క్రేను నిలబడింది గానీ తాడుకు వేలాడుతున్న దిమ్మె నిలబడలేదు. అది ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. కింద కొక్కెం విప్పాల్సిన మనిషి దూరంగా జరిగి, చేతులు కట్టుకుని, అది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్నాడు. దేశికాచారిగారు కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

"గడియారం ఎందుకాపావు?"

"క్రేను చేరింది కదా సార్."

"క్రేనును ఎవడు కొన్నాడమ్మా? వాడికి కావలసింది ఇనుము. ఆ ఇనుము మీద వాడు చెయ్యి వేసినప్పుడు ఆపు గడియారం."

ఊపు ఆగేవరకూ నిలబడితే, నిదానంగా నడిచే పాత క్రేను కంటే మాదే ఆలస్యమని తేలింది. కరెంటు మాత్రం రెట్టింపుకు పైగా తాగింది. రెండు ఖర్చులూ మేమే పెట్టుకుని, సరుకు మాత్రం ఆలస్యంగా ఇచ్చామన్నమాట.

ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ చీటికీమాటికీ ఒక మాట అనేవారు: "తొందరకూ బిల్లు వస్తుంది, నిదానానికీ బిల్లు వస్తుంది. కాకపోతే వేరేవేరే ఇళ్లకు వస్తుంది. ఎవరింటికి వచ్చిందో కనుక్కో." అప్పట్లో దీన్ని ముసలాయన చాదస్తమనుకున్నాను. ఒకరి మాట అర్థం కావడానికి పట్టే కాలాన్ని కొలిచే సమీకరణం ఇంకా ఎవరూ రాయలేదు.

సొంత తాలూకాకు

రిటైర్మెంటు ఇంకా కొన్నేళ్లు ఉందనగా, సోలార్ ప్యానెళ్లు తుడిచే మెషీన్లు చేసే ఒక చిన్న కంపెనీ నన్ను పిలిచింది. యజమాని మూర్తి నాకంటే చిన్నవాడు, తెలివైనవాడు, ఉత్సాహం ఎక్కువ. ఆయన మాటల్లో "ఫాస్ట్" అన్న మాట లేని వాక్యం దొరకడం కష్టం. మొదటి పరీక్ష ఎక్కడ అని అడిగితే, పావగడ తాలూకా, తిరుమణి దగ్గరి పార్కు అన్నాడు. నేను జీతం కూడా అడక్కుండా ఒప్పుకున్నాను.

ఆ పార్కు చూడనివాళ్లకు ఒక మాట. ఒకప్పుడు చెనక్కాయ చేలు ఉన్నచోట ఇప్పుడు కనుచూపు మేరా ప్యానెళ్లే. రైతులు భూమిని గుత్తకు ఇచ్చారు. వాన రాని ఊరికి ఎండ పంటయింది. అయితే ఎండతోపాటు దుమ్ము కూడా పుష్కలం. దుమ్ము పట్టిన ప్యానెల్ కరెంటు తక్కువ ఇస్తుంది కాబట్టి తుడుస్తూ ఉండాలి. తుడవడానికి నీళ్లు కావాలి. తాగడానికే ట్యాంకరు కోసం చూసే తాలూకాలో అద్దాలు కడగడానికి నీళ్లు ఎక్కడివి? అందుకే నీళ్లు లేకుండా తుడిచే మెషీన్ల కోసం ప్లాంటువాళ్లు వెతుకుతున్నారు.

మా మెషీన్ ప్యానెళ్ల వరుస మీద అడ్డంగా కూర్చుంటుంది. నిలువెత్తు పొడవున్న బ్రష్షును గిరగిరా తిప్పుకుంటూ వరుస ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. కొసకు చేరాక ఇద్దరు మనుషులు దాన్ని దించి, మోసుకుపోయి, పక్క వరుస మీద ఎక్కించాలి. అక్కడ నేలంతా గుట్టలూ రాళ్లూ కావడంతో వరుసలు చిన్నచిన్న ముక్కలుగా ఉండేవి. కాబట్టి దించడం, ఎక్కించడం చాలాసార్లు ఉంటుంది.

ఈ మోసే పని బలసముద్రం ఆడవాళ్లది. అంతకుముందు పొడవాటి కర్రలకు గుడ్డలు కట్టి, ట్యాంకరు నీళ్లతో అద్దాలు కడిగినవాళ్లు వాళ్లే. ఆరుగురు, జతకొకటి చొప్పున మూడు మెషీన్లు. వాళ్లకు పెద్ద హనుమక్క. యాభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉండేది. మాట మరీ గట్టిగా ఉండేది. నేను తెలుగు మాట్లాడేసరికి అనుమానంగా చూసింది.

"మీది యా ఊరు మేడమ్మా?"

"పావగడే. తాళ్లంగడి శెట్టి కూతుర్ని."

"అట్ల చెప్పు! మా బాయికి మోకు మీ నాయన అంగట్లోనే కొనేది. ఇంగ మేడమ్ ఏంది, అక్కా అంటాలే."

ఆమె రెండెకరాల చేను కూడా ఆ ప్యానెళ్ల కిందే ఉంది. చేను గుత్తకు పోయాక ఆమె చుట్టుపక్కల తాలూకాలకు కూలికి పోయేది. తెల్లవారకముందే ట్రాక్టరు ఎక్కితే చీకటిపడ్డాక దిగడం. ఇప్పుడు మెషీన్లు మోసే పని నెల జీతం పని, అది కూడా ఊరి పక్కనే. "ఆ ట్రాక్టరు కుదుపులకు నా నడుం ఇంగ తట్టుకోదక్కా. ఈ పని నిలబడితే సాలు" అని మొదటి రోజే చెప్పింది.

నిలబడుతుందని హామీ లేదు. ప్లాంటు మేనేజరు షరతు స్పష్టంగా పెట్టాడు. ఒక బ్లాకు మొత్తాన్ని ఒక్క సాయంత్రంలో, మంచు పడకముందు తుడిచి చూపించాలి. చూపిస్తే ఈ ఆరుగురూ ఉంటారు. లేకపోతే గుత్తేదారు బయటినుంచి మగవాళ్లను తెస్తాడు, ఈ ఆడవాళ్లు మళ్లీ ట్రాక్టరు ఎక్కాల్సిందే. ఆయన చెడ్డవాడు కాదు, మైసూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆయన మీద ఒత్తిడి ఆయనకుంది.

మొదటి పరీక్ష

మంచు గొడవ ఏమిటంటే, పొద్దు కుంకాక అద్దం గాలికంటే తొందరగా చల్లబడుతుంది. చలికాలంలో మన ఒంటికి తెలియకముందే అద్దం మీద చెమ్మ చేరుతుంది. చెమ్మ చేరిన దుమ్మును తుడిస్తే దుమ్ము పోదు, బురదవుతుంది. పగలు తుడిస్తే మెషీన్ నీడ పడి కరెంటు తగ్గుతుందని ప్లాంటువాళ్లు ఒప్పుకోరు. కాబట్టి పొద్దు కుంకినప్పటినుంచి చెమ్మ చేరేదాకా మధ్యలో ఉన్న కాలమే మాది.

మూర్తి లెక్క సులభం. కాలం తక్కువ కాబట్టి మెషీన్ ఫాస్ట్‌గా పోవాలి. ఫాస్ట్‌గా పోవాలంటే పెద్ద మోటారు, పెద్ద మోటారుకు పెద్ద బ్యాటరీ. ఆయన బెంగళూరు నుంచి కారులో వచ్చాడు, టీషర్టు మీద కంపెనీ బొమ్మ. మెషీన్ వరుస మీద రయ్యిమని పోతుంటే సెక్యూరిటీవాళ్లు చప్పట్లు కొట్టారు. గొర్రెలు కాసే ఒక పెద్దాయన కంచె బయట నిలబడి, "ఓయబ్బా, ఏం పోతాండాదప్పా!" అన్నాడు. మాకు అందరికీ ఛాతీ ఉబ్బింది, నాకు కూడా.

మెషీన్ కొసకు చేరేసరికి ఆడవాళ్లు పరుగెత్తాలి. దించాలి, మోయాలి, ఎక్కించాలి. వాళ్లు ఇంకా ఊపిరి తీసుకోకముందే అది ఆ వరుస కూడా ముగించి మళ్లీ పిలుస్తుంది. మొదటి కొన్ని వరుసలు బాగానే సాగాయి. తర్వాత దించి నేలమీద పెట్టి, నడుముకు చెయ్యి ఆనించి, మళ్లీ ఎత్తడం మొదలైంది. ఆ తర్వాత వరుసకు వరుసకు మధ్య కూర్చోవడం మొదలైంది. లక్ష్మక్క అనే ఆమె రాయి మీద కాలు మెలికపడి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ మెషీన్ వదిలేసి ఉంటే పెద్దదే అయ్యేది. ఆమె పట్టుకునే పడింది.

బ్లాకులో ఇంకా మూడో వంతు మిగిలి ఉండగానే చెమ్మ చేరింది. బ్రష్షు వెనక గోధుమరంగు చారలు. మేనేజరు టార్చి వేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

మూర్తి ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫులు చూపించాడు. "సార్, మెషీన్ నడిచిన టైము చూడండి. మేము చెప్పినదానికంటే తక్కువే. మెషీన్ తప్పు లేదు."

అది నిజం. మేనేజరు కూడా అదే అన్నాడు, కన్నడంలో: "మెషీన్ బాగుంది. మనుషులే నిదానం. వచ్చే వారం ఇంకోసారి చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే మగవాళ్లను పిలుస్తాను."

హనుమక్కకు కన్నడం మాకంటే బాగా వచ్చు. తలగుడ్డ విప్పి, దుమ్ము దులిపి, లక్ష్మక్కకు భుజం ఇచ్చి నడిపించుకుపోయింది.

మా వృత్తిలో అందరూ చేసే తప్పు ఇది, కాబట్టి మీకు చెబుతున్నాను. సమీకరణంలో ఉన్నదంతా సరిగ్గా నడిస్తే, మిగిలిన తప్పు లోకానిది అనుకుంటాం. మేము మెషీన్‌ను వరుస మీద ఉన్నంతసేపే కదిలే వస్తువుగా చూశాం. వరుస దిగాక కూడా అది కదులుతూనే ఉంది, ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీద. ఆ కదలికకు కాలం పడుతోంది, శక్తి పడుతోంది. మా తూకంలో దానికి వేసిన బరువు సున్నా.

మోత

ఇంత స్పష్టంగా ఆ రాత్రే తట్టిందని అనుకోకండి. నాకు తట్టింది మర్నాడు సాయంత్రం, అదీ నడుము పట్టేశాక.

లక్ష్మక్క రాలేదు. హనుమక్కకు జత లేదు. సాధన చేయకపోతే వారం వృథా అవుతుంది. "నేను పడతాలే ఒక కొస" అన్నాను. హనుమక్క నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఎందుకక్కా, నీకు ఏమన్నా అయితే మీ పావగడోళ్లు నన్ను తిడతారు."

"తాళ్లంగడి దాన్ని. మూటలు మోసినదాన్నే."

"అది యాపొద్దో!"

మొదటిసారి ఎత్తాను. రెండోసారి ఎత్తాను, కళ్లు చీకట్లు కమ్మాయి. మూడోసారి ఎత్తలేదు. వరుసల మధ్య నేలమీద కూలబడ్డాను, నా చేతిలోని మెషీన్ కొస కూడా నాతోపాటే కూలబడింది. హనుమక్క తన కొస దించి, నా పక్కన కూర్చుని, నీళ్ల సీసా ఇచ్చింది. నవ్వాపుకోడానికి చాలా కష్టపడుతున్నట్టు కనిపించింది.

"నవ్వు తల్లీ, పరవాలేదు" అన్నాను. అప్పుడు పకపకా నవ్వింది. మిగిలిన నలుగురూ వచ్చి వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, నడుము పట్టుకునే.

నవ్వు తగ్గాక ఆమె నెమ్మదిగా అంది. "అక్కా, నువ్వు మూడింటికే పడినావు. మేము దాని ఎనక మంచు పడేదాకా తిరగాల. వారం దినాల్లో మాకు బలం యాడనుంచి వస్తాది చెప్పు? వస్తాదంటే చెప్పు, ఉంటాం. రాదంటే అదన్నా చెప్పు, ట్రాక్టరాయప్పకు ముందే చెప్పుకుంటాం. ఆలెస్యం చేస్తే ఆడ కూడా జాగా ఉండదు."

ఆమె అడిగింది నేరుగా అడిగింది. నాకు సిగ్గు కాదు, భయం వేసింది. ఆరుగురి బతుకు నా ముందు అట్లా సూటిగా ప్రశ్నగా నిలబడటం అదే మొదటిసారి. క్రేను దగ్గర తప్పు చేస్తే ఒక బాసు కేకలు వేస్తాడు, అంతే. రెండు రోజులు గడువియ్యి హనుమక్కా అన్నాను.

ఆమె వెళ్లాక మెషీన్ పక్కనే కూర్చుని మూత తీశాను. బరువులో పెద్ద వాటా బ్యాటరీదే. దాని తర్వాతది మోటారుది. అంత బ్యాటరీ ఎందుకు? అంత వేగం కోసం. అంత వేగం ఎందుకు? మంచులోపు ముగించడానికి. ముగిసిందా? లేదు, ఎందుకంటే బరువు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, తొందరగా పోవడం కోసం తెచ్చుకున్నదే మమ్మల్ని ఆపుతోంది.

కొత్తవాళ్లకు ఒక మాట. వేగం రెట్టింపైతే ఖర్చు రెట్టింపుతో ఆగదు, దాన్ని చాలా దాటిపోతుంది. బ్రష్షు తిప్పడానికి, ప్రతి వరుసకూ దౌడు అందుకోవడానికి, మళ్లీ బ్రేకు వేసి ఆ దౌడునంతా వేడిగా పారబోయడానికి, అన్నిటికీ శక్తి పోతుంది. కాబట్టి వేగం కొంచెం తగ్గిస్తే శక్తి చాలా మిగులుతుంది. ఇది పుస్తకంలోనే ఉంది. అయితే శక్తి అంటే బ్యాటరీ బరువు కూడా అని, ఆ బరువును ఒకరు మోస్తున్నారని పుస్తకంలో ఉండదు.

పాలూ నీళ్లూ

మూర్తికి ఫోన్ చేసి, వేగం తగ్గించి సగం బ్యాటరీ పీకేస్తానన్నాను.

"అమ్మా, స్లో మెషీన్ అని చెప్పి ఎవరికి అమ్ముతాం మనం?"

"పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని..."

"కస్టమర్లు పాలే అడుగుతారమ్మా!"

"మొన్న ఆ పాలు నేలపాలయ్యాయి కదా నాయనా."

మూర్తిలో నాకు నచ్చేది ఇదే, ఓడిపోయినప్పుడు తొందరగా ఓడిపోతాడు. "సరే, మీ ఇష్టం. కానీ రిపోర్టులో స్లో అని మాత్రం రాయకండి" అన్నాడు. నిదానం అని రాస్తానన్నాను.

రెండు రోజులు పావగడలో మా ఇంటి వసారాలోనే పనిచేశాను. ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడు మెషీన్ వరుస మొదట్లో మెత్తగా కదులుతుంది, మధ్యలో ఒకే నడకన పోతుంది, కొస ఇంకా దూరం ఉండగానే మోటారు చెయ్యి వదిలేస్తుంది. ఊరు కనిపించగానే మన బస్సు డ్రైవరు యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసినట్టు. ఉన్న ఊపుతోనే పోయి కొస దగ్గర తనంతట తాను నిలబడుతుంది. బ్రేకుతో దాదాపు పని లేదు. మూడు మెషీన్లకూ బ్యాటరీ సగం తీసేశాను, మోటారు కూడా చిన్నది బిగించాను.

ఎంత నిదానం చేయాలన్నదే అసలు లెక్క. ఈసారి ఆ తూకంలో మనుషుల్ని వేశాను. మెషీన్ నడిచినంతసేపు జత కూర్చోవాలి, నీళ్లు తాగాలి, నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. అలా కూర్చున్నవాళ్లు లేచి మోసేటప్పుడు మధ్యలో దించకుండా ఒక్క బిగిన మోస్తారు. కూర్చునే కాలాన్ని బట్టి వేగం పెట్టాను. బ్యాటరీ ఒక బ్లాకుకు, ఏదైనా తేడా వస్తే అవసరానికి ఇంకొంచెం, అంతే. మరి కాస్త పెట్టొచ్చు కదా అని అనిపించింది. ఆలోచించి పెట్టలేదు.

మార్చిన మెషీన్లలో ఒకదాన్ని హనుమక్క ఒక కొస పట్టుకుని ఎత్తింది. మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది.

"ఏందక్కా, లోపల ఏమన్నా ఉండాదా, లేకుంటే ఉత్త డబ్బానా?"

"ఉండాదిలే. ట్రాక్టరాయప్పకు ఏం చెప్పినావు?"

"ఇంగా ఏం చెప్పలా" అంది.

రెండో పరీక్ష

మేనేజరు వచ్చాడు. మూర్తి మళ్లీ కారులో వచ్చాడు. లక్ష్మక్క కాలికి గుడ్డ చుట్టుకుని, వద్దన్నా వినకుండా వచ్చింది.

పొద్దు కుంకింది. మెషీన్లు కదిలాయి. సెక్యూరిటీవాళ్లు ఈసారి చప్పట్లు కొట్టలేదు. కంచె బయట అదే పెద్దాయన అదే గొర్రెలతో నిలబడి చూసి, "దీనికి ఏం రోగమొచ్చెనప్పా, ఇట్ల పోతాండాది!" అన్నాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. మూర్తి నన్ను చూశాడు. నేను నేలను చూశాను. నిజం చెప్పాలంటే ఆ మొదటి వరుసల్లో నాక్కూడా మెషీన్ అంత నిదానంగా పోతుంటే చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు.

ఆడవాళ్లు వరుస కొసల్లో కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. మెషీన్ కొసకు రాగానే లేస్తారు, దించుతారు, నడుస్తారు, ఎక్కిస్తారు. ఒక్కసారి కూడా నేలమీద పెట్టలేదు. అంతలో హనుమక్క ఎవరినో ఏదో అని ఆటపట్టిస్తుంది, నవ్వుతారు, మళ్లీ కూర్చుంటారు. చూసేవాళ్లకు అక్కడ పని జరుగుతున్నట్టే లేదు. మేనేజరు చివరికి విసుగొచ్చి, ఎన్ని వరుసలయ్యాయో లెక్కపెట్టుకుంటూ నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక మారింది.

చెమ్మ చేరే వేళకు ఇంకా చాలా ఉండగానే ఆఖరి వరుస ముగిసింది. మేనేజరు అద్దం మీద వేలు రాసి చూశాడు. పొడిగా ఉంది, శుభ్రంగా ఉంది. ఇంకో వరుసలో చూశాడు. "చాలా బాగుంది" అన్నాడు. ఆడవాళ్ల వైపు తిరిగి, "మీరే ఉండండి. మగవాళ్లను పిలవను" అన్నాడు. లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హనుమక్క మాత్రం ఇంకా ఆయన ముఖమే చూస్తోంది. ఆయన మాట ఇంకా అయిపోలేదని ఆమెకు ముందే తెలిసినట్టుంది.

"ఇంకా మంచు పడలేదు" అన్నాడు ఆయన నాతో. "టైము మిగిలింది కదా. రేపటినుంచి పక్క బ్లాకులో సగం కూడా కలిపేద్దాం. వీళ్లకు కష్టంగా కూడా లేదు, చూశాను. కుదరదంటే ఇద్దరు ముగ్గుర్ని మార్చుకుంటాను."

అందరూ నన్ను చూశారు. మూర్తి ఉత్సాహంగా నోరు తెరవబోయాడు, నేను ముందే అందుకున్నాను.

"బ్యాటరీ లేదు సార్."

"పెద్ద బ్యాటరీ ఉండేది కదా, అదే మళ్లీ పెట్టండి."

"పెడతాను సార్. పెడితే బరువవుతుంది. బరువైతే మోసేవాళ్లు మధ్యలో దించుతారు, కూర్చుంటారు. అప్పుడు ఈ ఒక్క బ్లాకు కూడా ముగియదు. పోయిన వారం మీరే చూశారు."

ఆయన ప్యానెళ్లను చూశాడు, మెషీన్‌ను చూశాడు, ఆడవాళ్లను చూశాడు. లెక్క తెలిసిన మనిషి కావడం మా అదృష్టం. ఎటు లాగినా అది అక్కడికే వచ్చి ఆగుతుందని ఆయనకు అర్థమైంది. "అయితే ఒక్క బ్లాకే" అన్నాడు. చెయ్యి ఊపి జీపు ఎక్కాడు. మూర్తి నా పక్కకు వచ్చి, కాస్త ఎక్కువ బ్యాటరీ పెట్టి ఉండొచ్చు కదమ్మా అని మెల్లగా అన్నాడు. పెట్టి ఉండొచ్చు నాయనా అన్నాను.

అట్లా మిగిల్చిన కాలం ఎవరి చేతిలో పడాలో కూడా ఇంజనీరే చూసుకోవాలని నా నమ్మకం. ఇది తప్పనేవాళ్లు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. వాళ్లతో నేను వాదించను, నాకు ఆ సాయంత్రం గొప్ప సంతోషంగా ఉండింది, ఇప్పుడు రాస్తున్నా అంతే సంతోషంగా ఉంది.

ఆడవాళ్లు మెషీన్లకు టార్పాలిన్ పట్టాలు కప్పారు. హనుమక్క చేతులు దులుపుకుని, తలగుడ్డ విప్పి, ఆకాశం వైపు చూసి, ఎందుకో ఆలోచనలో పడి అక్కడే నిలబడిపోయింది.

"ఏమయింది హనుమక్కా? పని నిలబడింది కదా, ఇంకా ఏంది దిగులు?"

"దిగులు కాదక్కా. ఇంత తొందరగా ఇంటికి పోతే మా ఆయప్ప నన్ను పనిలోంచి తీసేసినారనుకుంటాడు. యాడన్నా రవ్వంతసేపు కూసోని పోదామా అని చూస్తాండా."